సినిమాకెళ్ళొచ్చాం

మా అమ్మ ఏనాడూ "ఫలానా సినిమా చూశాను" అనేది కాదు. "ఫలానా సినిమాకెళ్ళొచ్చాం" అనేది. పెళ్ళికెళ్ళొచ్చాం, తిరణాలకెళ్ళొచ్చాం అన్నట్టే. ఆ మాటలో ఇంటికి తాళం వేయడం ఉంది, పక్కింటివాళ్ళని కేకేయడం ఉంది, చంటిపిల్లని చంకనేసుకుని గట్టు మీద నడవడం ఉంది, తిరిగొచ్చేటప్పుడు చీకట్లో కథ గురించి వాదించుకోవడం ఉంది. ఇప్పుడు సినిమా చూడటం ఎంతో తేలికైంది, జేబులోనే ఉంది. ఆ వెళ్ళడం, రావడం మాత్రం తగ్గిపోయాయి. ఈ పూట మీతో వాటి గురించే మాట్లాడాలని వచ్చాను.

మా ఊరు కృష్ణా డెల్టాలో చిన్న పల్లె. కోతలై, కుప్పలు నూర్చి, ధాన్యం ఇళ్ళకు చేరాక ఊరి బయట ఎండిన చేలో డేరా లేచేది. టూరింగ్ టాకీసు అని బోర్డు మీద ఉండేది గానీ మేం డేరా సినిమా అనేవాళ్ళం. మధ్యాహ్నం ఒంటెద్దు బండి మీద రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకులో సినిమా పేరు చెబుతూ వీధి వీధీ తిరిగేవారు. వెనక పిల్లలం కరపత్రాల కోసం పరిగెత్తేవాళ్ళం. రంగు కాగితం మీద కథ సగం అచ్చువేసి, "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేసే కరపత్రాలు. పొద్దు వాలాక డేరా కొమ్మున కట్టిన మైకులో ఘంటసాల భక్తిగీతం వినపడిందంటే ఆట మొదలవబోతోందని లెక్క. అన్నం కంచాల ముందు నుంచి లేచి పరిగెత్తినవాళ్ళున్నారు.

లోపల నేల, బెంచీ, కుర్చీ. నేల టిక్కెట్టువాళ్ళకి ఇసుకే ఆసనం. ముందున్నవాడి తల అడ్డమొస్తే ఇసుక పోగుచేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. వెనకవాడు అంతకన్నా ఎత్తు పోసేవాడు. ఆట అయ్యేసరికి నేలంతా చీమలపుట్టల్లా ఉండేది. ఆడవాళ్ళకి ఒక పక్క, మగవాళ్ళకి ఒక పక్క, మధ్యన గుడ్డ. ఇంట్లో పెద్దల ముందు గట్టిగా నవ్వని కోడళ్ళు ఆ గుడ్డకి అవతల పగలబడి నవ్వడం నాకు గుర్తుంది. వాళ్ళ నవ్వు విని ఇవతల మగవాళ్ళు తిరిగి చూసేవారు.

డేరాలో ప్రొజెక్టరు ఒక్కటే ఉండేది. పెద్ద హాళ్ళలో రెండుండేవి. ఒకదాంట్లో చుట్ట అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూలన చిన్న గుండ్రటి చుక్క మెరిసేది. అది చూసి ఆపరేటరు రెండోది అందుకునేవాడు, చూసేవాళ్ళకి తెలిసేదే కాదు. 35 మిల్లీమీటర్ల ఫిలిం సెకనుకి 24 బొమ్మల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల సినిమా అంటే పదమూడు, పద్నాలుగు రీళ్ళు, రెండున్నర మైళ్ళ పొడుగు. డేరాలో కొన్ని రీళ్ళు కలిపి ఒక్క చుట్టగా ఎక్కించినా అది అయిపోగానే ఆట ఆపాలి, లైట్లు వేయాలి, ఇంకో చుట్ట ఎక్కించాలి. అందుకని ఆటకి మూడు నాలుగు ఇంటర్వెల్సు. గోళీసోడాలు, వేరుశెనక్కాయలు, పాటల పుస్తకాలు. ఆ ఖాళీల్లోనే ఊరు మాట్లాడుకునేది. "ఆ తమ్ముడిదే తప్పు." "తప్పేముంది, ఆస్తి వాడిది కాదా?" ఆస్తి తగాదాలున్న ఇళ్ళవాళ్ళు ఆ మాట అంటుంటే మిగతావాళ్ళు చెవులు రిక్కించేవారు. మా ఊళ్ళో చాలా సంగతులు పంచాయతీలోకి రాకముందు ఆ ఇసుక మీద నలిగాయి. రీలు తెగితే ఇంకో వంద మాటలు. ఆపరేటరు తెగిన చోట గీకి, ఫిలిం సిమెంటు రాసి అతికించేవరకూ ఈలలు వేసిన నోళ్ళే కాసేపటికి కబుర్లలో పడేవి.

డేరా రాని కాలంలో సమాచార శాఖ జీపు వచ్చేది. బడి గోడ మీదో, రెండు వాసాల మధ్య కట్టిన తెల్ల గుడ్డ మీదో 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరుతో ముందు కుటుంబ నియంత్రణ గురించి, ఎరువుల గురించి చూపించి, జనం కదలకుండా ఉండటానికి తరవాత ఏదో కథాచిత్రం వేసేవారు. వినాయక చవితి పందిళ్ళలో కుర్రాళ్ళు చందాలు పోగేసి తెర కట్టించే రోజులు తరవాత వచ్చాయి. గుడ్డ తెర గనక రెండువైపులా బొమ్మ కనపడేది. ఇటు చోటు దొరకనివాళ్ళు అటు కూర్చునేవారు. అటువాళ్ళకి పేర్లన్నీ తిరగబడి ఉండేవి, కథానాయకుడు ఎడమచేత్తో కత్తి తిప్పేవాడు. ఊరి చివర ఇళ్ళవాళ్ళు ఎక్కువగా ఆ వెనకవైపు కూర్చునేవారని చిన్నప్పుడు గమనించాను. ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. ఊరందరూ కలిసి చూశారని నేను అనే ప్రతిసారీ ఆ తెర వెనక వరసలు కళ్ళ ముందుకు వస్తాయి. కలిసి చూసిన చోట కూడా అందరికీ ఒకే వైపు చోటు దొరకలేదు. ఆ మాట దాచిపెట్టి పాతరోజులు బాగున్నాయనడం నాకు ఇష్టం లేదు.

మన దగ్గర సినిమా మొదట ఊరూరా తిరిగింది, తరవాతే గోడలు కట్టుకుంది. మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకుని, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, ఊళ్ళు తిరిగి బొమ్మలు చూపించారు. 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ హాలు కట్టారు. 1921లో విజయవాడలో మారుతి సినిమా వెలిసింది. తెలుగునేల మీద తొలి శాశ్వత సినిమాహాలుగా దాన్ని చెప్పుకుంటారు. అప్పటివి మూకీలు. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెబుతుండేవాడు, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తన గొంతుతో అనేవాడు. ఆ మనిషిని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

సినిమాహాలు లేని పల్లెకి రేడియోయే సినిమాహాలు. సంక్షిప్త శబ్దచిత్రం అని గంటసేపు సినిమా మాటలూ పాటలూ వినిపించేవారు. మా వీధిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పది పన్నెండు మంది కూర్చుని బొమ్మలేని సినిమా విన్నాం. మా అత్తయ్య ఒకావిడ చూడని సినిమాలు కూడా సీను సీనుగా చెప్పగలిగేది.

మరి పట్నాల్లో వెలిసిన ఆ సినిమాహాళ్ళేమయ్యాయి? హైదరాబాదులో లిబర్టీ దగ్గర దిగుతాం, స్కైలైన్ దగ్గర కలుద్దాం అంటాం. ఆ పేర్లిచ్చిన సినిమాహాళ్ళు లేవు, పేర్లే మిగిలాయి. మీ ఊళ్ళోనూ ఒక బస్సు స్టాపు అలాంటిది ఉండే ఉంటుంది. కొన్ని హాళ్ళు కల్యాణ మండపాలయ్యాయి, కొన్ని గోడౌన్లు, కొన్ని దుకాణాల సముదాయాలు. యజమానుల్ని నిందించలేను. వెయ్యి కుర్చీల హాల్లో నలభైమంది కూర్చుంటే కరెంటు బిల్లుకి కూడా చాలదు. ఒకప్పుడు విజయవాడ గాంధీనగర్లోని పంపిణీ ఆఫీసుల నుంచి ఇనప డబ్బాల్లో ప్రింటు బస్సెక్కి వచ్చేది. డబ్బా దిగిందో లేదో చూడటానికి బస్టాండుకి వెళ్ళే కుర్రాళ్ళుండేవారు. ఒకే ప్రింటుని రెండు ఊళ్ళ హాళ్ళు పంచుకుని, ఇక్కడ ఆడిన రీలుని మోటారు సైకిలు మీద అక్కడికి పరుగెత్తించిన రోజులూ ఉన్నాయి. 2010 తరవాత కొద్ది సంవత్సరాల్లోనే రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేసింది. సినిమా ఉపగ్రహం మీదుగానో హార్డ్ డిస్కులోనో వస్తుంది. తాళంచెవిలాంటి ఒక సంకేతం వస్తేనే, అది కూడా ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకే తెరుచుకుంటుంది. దీనివల్ల చిన్న ఊరికి కూడా మొదటి రోజే కొత్త బొమ్మ దక్కుతోంది, అది మంచిదే. కానీ ఊరి హాల్లో ఏం ఆడాలన్నది ఊరి చేతుల్లోంచి ఇంకా దూరం జరిగింది.

ఏం చూడాలన్న నిర్ణయాన్ని కొంచెమైనా తమ చేతిలోకి తెచ్చుకున్నవాళ్ళ సంగతి చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, 1947లో, సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, ఇంకొందరు మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నారు. 1959లో దేశంలోని ఇలాంటి సంఘాలు కొన్ని కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1974 నుంచి హైదరాబాదు ఫిల్మ్ క్లబ్ ఉంది. ఇవన్నీ నగరాల మాటలు. నన్ను ఎక్కువగా కదిలించింది ఒక పల్లె.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకాలో హెగ్గోడు అనే ఊరుంది. వక్కతోటల ఊరు. పెద్ద రోడ్డు మీద కూడా ఉండదు. అక్కడివాళ్ళు 1949లో నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం పెట్టుకున్నారు, పొడి అక్షరాల్లో నీనాసం. కె.వి. సుబ్బణ్ణ దానికి ప్రాణం. ఆయనా వక్క పండించే కుటుంబంవాడే. నాటకాలతో మొదలుపెట్టి 1973లో చిత్రసమాజ అని సినిమా విభాగం తెరిచారు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి ప్రింట్లు తెప్పించి కురొసావాని, రాయ్‌ని, చాప్లిన్‌ని పల్లె జనానికి చూపించారు. ఆర్కైవ్‌ని కట్టి నిలబెట్టిన పి.కె. నాయర్, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పిన సతీశ్ బహదూర్ ఆ ఊరికొచ్చి శిబిరాలు నడిపారు. సుబ్బణ్ణ సినిమా గురించి కన్నడంలో రాశారు, రాయించారు. పల్లెటూరివాళ్ళకి ఇవేం అర్థమవుతాయన్న మాటకి ఆయన వాదనతో జవాబు చెప్పలేదు, తెర కట్టి చూపించారు. 1991లో ఆయనకి మెగసెసే పురస్కారం వచ్చింది. నా దృష్టిలో అంతకంటే గొప్ప విషయం, ఆ శ్రమ వల్ల తోటపనివాళ్ళ సమయాలు చూసుకుని ఆటలు పెట్టుకునే ఊరు ఒకటి తయారుకావడం.

కేరళలో జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు 1984లో ఒడెస్సా అనే బృందం కట్టి, ఊరూరా చాప్లిన్ 'ది కిడ్' చూపించి చందాలు పోగేసి, ఆ డబ్బుతో 'అమ్మ అరియాన్' తీశారు. మన దగ్గర గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు తదితరులు నిర్మించిన 'మా భూమి' హైదరాబాదులో ఉదయం ఆటల్లోనే నెలల తరబడి ఆడింది. ఉదయం ఆట అనే మాట మీద మీ చెవి పెట్టండి. హాలుకి బేరం లేని సమయం అది. పేద సినిమాకి, చిన్న సంఘానికి తలుపు తెరుచుకున్నది ఎప్పుడూ ఆ వేళలోనే.

మేము కూడా ఆ తలుపే తట్టాం. మేమంటే ఒక రిటైరైన తెలుగు మాస్టారు, సైకిలు షాపాయన, ఆశా కార్యకర్త ఒకావిడ, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు, నేను. మా పక్క చిన్న పట్నంలో ఇంకా ఊపిరితో ఉన్న హాలొకటి ఉంది. మొదటి ఆట మధ్యాహ్నానికి. ఆదివారం తొమ్మిదింటికి మాకివ్వమని అడిగాం. "పాత సినిమాలకి ఎవరొస్తారండీ" అన్నారు యజమాని. కరెంటుకీ, ఆపరేటరుకీ, ఊడ్చేవాళ్ళకీ అయ్యే ఖర్చు ముందే కడతామన్నాం. మూడోసారి వెళ్ళినప్పుడు ఒప్పుకున్నారు. హక్కులున్నవాళ్ళ దగ్గర ప్రదర్శనకి అనుమతి రాయించుకున్నాం. ఇంట్లో చూడటానికి కొన్న డిస్కుని నలుగురికీ హాల్లో వేస్తే చట్టం ఒప్పుకోదు. ఇలాంటి పని తలపెట్టేవాళ్ళు మొదట ఆ కాగితం చూసుకోవాలి.

మొదటి ఆదివారం ఒక పాత తెలుగు సినిమా వేశాం. జనం పాటలతో పాటు పాడారు. నాలుగో నెలలో ధైర్యం చేసి 'బైసికిల్ థీవ్స్' పెట్టాం. 1948లో ఇటలీలో విట్టోరియో డి సికా తీసింది. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' తీయాలని గట్టిగా నిశ్చయించుకున్నారు. 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో దీన్ని చూపించారు. ఇవన్నీ నేను ముందుగా చెప్పబోతే సైకిలు షాపాయన ఆపాడు. "పండితుల సంగతి తరవాత, సైకిలు పోయిన కథ అని చెప్పండి, వస్తారు" అన్నాడు. అలాగే చెప్పాం. నూట పాతికమంది దాకా వచ్చారు.

భాష ఇటాలియన్, అడుగున అక్షరాలు ఇంగ్లీషువి. అప్పుడు గుర్తొచ్చాడు మూకీల నాటి ఆ తెర పక్క మనిషి. మాస్టారు మైకు పట్టుకుని పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆయన ప్రతి మాటా అనువదించలేదు. "ఉద్యోగం వచ్చిందట, కానీ సైకిలుంటేనేనట. అతని సైకిలు తాకట్టులో ఉంది." అంతే. తరవాత ఆ సైకిలు మనిషి ఆంటోనియో భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగి మూటకడుతుంది, సైకిలు విడిపించడానికి. పెళ్ళినాటి దుప్పట్లు. తాకట్టు కొట్లో పనివాడు ఆ మూట తీసుకుని నిచ్చెన ఎక్కుతాడు. పైకి, ఇంకా పైకి, కప్పు దాకా పేర్చిన దుప్పటి మూటలే. ఒక్క షాటులో ఊరందరి మంచాలూ ఖాళీ అయ్యాయని తెలుస్తుంది. హాల్లో ఆడవాళ్ళ నుంచి "అయ్యో" అన్న మాట ఒక్కసారిగా లేచింది. మాస్టారు అక్కడ ఏమీ అనలేదు, అక్కర్లేకపోయింది. ఆ సినిమాని నేను అంతకుముందు రెండుసార్లు ఒక్కణ్ణే చూశాను. ఆ నిచ్చెన దగ్గర నాకు కెమెరా పనితనమే కనపడింది. బంగారం బ్యాంకులో పెట్టి విత్తనాలు కొన్న ఇళ్ళవాళ్ళ మధ్య కూర్చుని చూసిన రోజున ఆ మూటలు కనపడ్డాయి.

సైకిలు దొరక్క తిరిగి తిరిగి, తండ్రి కోపంలో కొడుకు బ్రూనోని చెంపదెబ్బ కొడతాడు. తరవాత బాధపడి హోటలుకి తీసుకెళ్తాడు. పక్క బల్ల దగ్గర డబ్బున్న పిల్లాడు తింటుంటాడు. బ్రూనో చూపు అటు పోతుంది. చివరికి ఆ తండ్రే ఇంకొకడి సైకిలు ఎత్తుకుపోబోయి, కొడుకు కళ్ళ ముందే జనానికి దొరికిపోతాడు. నటించినాయన లాంబెర్టో మజొరాని నిజజీవితంలో ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ ముఖంలోని సిగ్గుని అంతమంది ఒకేసారి చూడటం వేరు. ఫోనులో అయితే నేను ఆపి మంచినీళ్ళు తాగొచ్చేవాణ్ణి. హాల్లో ఎవరూ కదలలేదు.

లైట్లు వేశాక అరగంట మాటలకి ఉంచుకోవడం మా నియమం. ఈ అరగంట కోసమే మిగతాదంతా అనిపిస్తుంది నాకు. ఆ రోజు ఒకతను లేచి "దొంగతనం దొంగతనమే కదండీ" అన్నాడు. సైకిలు షాపాయన లేచాడు. "నా కొట్టుకి పాత సైకిళ్ళు అమ్మకానికొస్తాయి. ఏది ఎవరిదో అన్నిసార్లూ అడగను. ఇవాళ్టి నుంచి అడుగుతాను" అన్నాడు. అందరి ముందూ ఆ మాట అనడానికి ఆయనకి ఎంత ధైర్యం కావాలో మా ఊరివాళ్ళకే తెలుసు. వెనక వరస నుంచి ఒక కుర్రాడు, మునుపెన్నడూ నోరు విప్పనివాడు, "మా నాన్నని కూడా ఒకసారి అలా పట్టుకున్నారు" అని కూర్చున్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. మా జనం ఆ పూట చూపిన మర్యాద అది.

ఇబ్బందులు లేవనను. ఆడవాళ్ళకి ఆదివారం తొమ్మిదింటికి వంట పని. అందుకే ఆటని ఇప్పుడు నెలకొక శనివారం మధ్యాహ్నానికి మార్చాం, ఆ వేళ కొత్త బొమ్మ ఉంటే హాలు దొరకదు. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే వాళ్ళు రెండోసారి రారు. మా చందాల్లో మొదటి ఖర్చు దానికే. ముసలివాళ్ళకి మెట్ల దగ్గర చెయ్యి అందించే మనిషి కావాలి. టిక్కెట్టు పెట్టలేదు, హుండీ పెట్టాం. కొన్ని నెలలు హుండీ చాలదు, మేమే వేసుకుంటాం. ఒక ఆటకి పదకొండుమందే వచ్చారు. ఆ పదకొండుమందికీ పూర్తిగా వేసి చూపించాం. ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు, కుర్చీకి పేరు లేదు, వరసకి కులం లేదు అని మొదటి రోజే మాస్టారు మైకులో చెప్పారు. తెర వెనక కూర్చున్న రోజులు ఆయనవి. నేను ముందువైపు కూర్చున్నవాణ్ణి.

వచ్చే శనివారం ఏం వేయాలని మొన్న కూర్చున్నాం. కుర్రాళ్ళు ఒకటన్నారు, మాస్టారు ఒకటన్నారు. ఆశా కార్యకర్త తన వీధిలో ఒక ముసలామె చెప్పిన సంగతి చెప్పింది. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు ఊరంతా బండ్లు కట్టుకుని పట్నం పోయారట. ఈవిడకి నెలలు నిండి ఉన్నాయని ఇంట్లో వదిలి వెళ్ళారట. తరవాత టీవీలో ఎన్నోసార్లు వచ్చింది, చూసింది. అయినా "నేను లవకుశకి వెళ్ళలేదమ్మా" అంటుందట ఇప్పటికీ.

ఆట మూడున్నర గంటలు. అనుమతి కోసం ఉత్తరం రాశాం. హాలాయన మధ్యాహ్నం ఇస్తానన్నారు. ఆవిడని ఇంటి దగ్గర నుంచి ఆటోలో తీసుకురావడానికి సైకిలు షాపాయన ఒప్పుకున్నాడు. విడిగా కుర్చీ వద్దందట, అందరితో పాటు ముందు వరసలో కూర్చుంటానందట.